వేసవి ముదిరేలోగా ఒంట్లో పొటాషియం లెక్క తెలుసుకోండి

మార్చి నెల దాటేసరికి మన ఊళ్లలో రోడ్ల పక్కన బొండాల బండ్లు బారులు తీరుతాయి, ఇంట్లో ఎవరు కాస్త నీరసంగా కనిపించినా ‘ఒక బొండాం తాగితే అదే సర్దుకుంటుంది’ అన్న సలహా వెంటనే వినిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ సలహాలో తప్పేమీ లేదు. అయితే బీపీకో గుండెజబ్బుకో ఏళ్ల తరబడి మాత్రలు వాడుతున్నవారిలోను, కిడ్నీలు కొంత దెబ్బతిన్నవారిలోను ఆ బొండాంలోని పొటాషియమే గుండె లయను తప్పించగలదు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవారికి అదే పొటాషియం అందకపోతే ప్రమాదం. మనం ఈ రెండింటిలో ఏ పక్కన ఉన్నామో తెలుసుకోవడానికి రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదాకా ఆగనక్కరలేదు, ఒక చిన్న రక్తపరీక్షను ఎండలు ముదరకముందే చేయించుకుంటే చాలు.

ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది మిగిలిన కొద్దిపాటి భాగమే అయినా, నరాలు సంకేతాలు పంపడం, కండరాలు బిగుసుకుని సడలడం, గుండె క్రమంగా కొట్టుకోవడం దాని మీదే ఆధారపడి ఉంటాయి. పెద్దవారి రక్తంలో అది సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటుంది. ల్యాబును బట్టి పై హద్దు కొంచెం మారవచ్చు. 2.5 కంటే తగ్గినా, 6.5 దాటినా ప్రాణాపాయమే. మనం తిన్న పొటాషియంలో సుమారు పదింట తొమ్మిది వంతులను కిడ్నీలు మూత్రంలోకి పంపుతాయి, తక్కినది మలంతో పోతుంది. ఎండకు ఒళ్లు ఎండి మూత్రం తగ్గిందంటే ఆ పెద్ద దారి సన్నబడిందన్నమాట.

మా మేనమామ విషయంలో జరిగింది ఇదే. ఆయన బీపీకి టెల్మిసార్టాన్, గుండె బలహీనతకు స్పైరొనోలాక్టోన్ వాడుతున్నారు. కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ అప్పటికే 1.6 ఉంది, అంటే ఉండాల్సినదానికంటే ఎక్కువే. మే నెలలో మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకున్నారు, చలువ చేస్తుందని రోజుకు రెండు బొండాలు తాగారు. పది రోజుల తరువాత ఒక ఉదయం వీధి అరుగు రెండు మెట్లు ఎక్కలేక మధ్యలోనే కూలబడ్డారు. ఊళ్లో చూసినవారు వడదెబ్బ అనుకుని ఒక సెలైన్ పెట్టి ఇంటికి పంపేశారు. సాయంత్రం పట్నంలో తీసిన ఈసీజీలో గీతలు గుడారం కొసల్లా నిక్కి ఉన్నాయి, పొటాషియం 6.9 వచ్చింది. ఆయన చేసిన నాలుగు పనుల్లో విడిగా చూస్తే ఏదీ పెద్ద తప్పుగా కనబడదు, నాలుగూ ఒకే నెలలో కలిసిరావడమే కొంప ముంచింది.

అందువల్ల వేసవికి ముందు చేయవలసిన మొదటి పని, ఇంట్లో ఉన్న మందుల సంచిని బల్ల మీద బోర్లించి ప్రతి అట్ట మీది పేరును చదవడం. ర్యామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు, స్పైరొనోలాక్టోన్, ఎప్లిరినోన్ వంటివి పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి. ఫ్యూరోసిమైడ్, టార్సిమైడ్, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి నీరు తీసే మాత్రలు దాన్ని మూత్రంలో పోగొడతాయి. ఒకే మాత్రలో రెండు రకాలూ కలిసి ఉండడం మామూలే కాబట్టి బ్రాండు పేరును కాక, కింద చిన్న అక్షరాలలో ఉన్న మందు పేర్లను చూడాలి. వేసవిలో మూత్రంలో మంట, రాళ్లు ఎక్కువవుతాయి; వాటికి ఇచ్చే కొన్ని సిరప్‌లలో పొటాషియం సిట్రేట్ ఉంటుంది. మూత్ర ఇన్ఫెక్షన్లకు వాడే కోట్రైమాక్సజోల్ కూడా పొటాషియాన్ని పెంచుతుంది. నొప్పి మాత్రల సంగతి చెప్పనే అక్కరలేదు. బీపీ మాత్ర, నీరు మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి వేసుకునేవారి కిడ్నీలు ఎండల్లో చాలా తేలికగా దెబ్బతింటాయి. ఇంత చదివిన తరువాత ఎవరూ తమంతట తాము బీపీ మాత్రలు ఆపేయరాదు. ఆ జాబితాను వైద్యుని ముందు పెట్టి, సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో సోడియం, పొటాషియం వంటి లవణాల లెక్క), క్రియాటినిన్ పరీక్షలు రాయించుకోవాలి. పొటాషియాన్ని పెంచే మందును కొత్తగా మొదలుపెట్టినా, మోతాదు పెంచినా, ఒకటి రెండు వారాలలో పరీక్ష మళ్లీ చేయించడం అవసరం.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. నమూనా తీయడానికి ఇంటికి వచ్చే అబ్బాయి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం దొరకనప్పుడు ‘పిడికిలి మూసి తెరవండి, మూసి తెరవండి’ అంటాడు. అలా పదేపదే పిడికిలి బిగిస్తే చేతి కండరాల నుంచి పొటాషియం బయటికి వచ్చి, ఒంట్లో లేని పెరుగుదల రిపోర్టులో కనిపిస్తుంది. సన్నని సూదితో గట్టిగా లాగినప్పుడు ఎర్ర కణాలు చితికినా, గొట్టం ల్యాబుకు చేరడానికి గంటల తరబడి ఆలస్యమైనా అదే జరుగుతుంది. రిపోర్టు అడుగున ‘హీమోలైజ్డ్’ (ఎర్ర కణాలు చితికాయి) అని రాసి ఉంటే ఆ అంకెను నమ్మనక్కరలేదు, వెంటనే మళ్లీ తీయించాలి. అలాగని 6 దాటిన అంకె వచ్చినప్పుడు ‘ల్యాబు తప్పై ఉంటుందిలే’ అని ఊరుకోవడమూ ప్రమాదమే. రెండో నమూనా ఇస్తూనే ఈసీజీ తీయించుకోవడం మంచిది.

ఇక బొండాం లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో చెప్పిన ప్రకారం పెద్దవారికి రోజుకు 3500 మిల్లీగ్రాముల పొటాషియం కావాలి. 300 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో, కాయ రకాన్ని బట్టి, 500 నుంచి 750 మిల్లీగ్రాములు ఉంటుంది. మధ్యరకం అరటిపండులో 420 దాకా ఉంటుంది. కిడ్నీ జబ్బు ముదిరి పొటాషియం పెరుగుతున్నవారికి వైద్యులు రోజు మొత్తానికి సుమారు 2000 నుంచి 2500 మిల్లీగ్రాములకు మించవద్దంటారు కాబట్టి, రెండు బొండాలతోనే ఆ లెక్కలో పెద్ద భాగం అయిపోతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు: చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, పొటాషియం పోయేది కొద్దిగానే. ఎండలో కష్టపడి వచ్చిన కూలీకి బొండాం కంటే ఉప్పు వేసిన పలుచటి మజ్జిగే పోయినదాన్ని సరిగ్గా పూడుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాలలో కనుచూపు మేర కొబ్బరి తోటలే, ఆ తోటల నీడలోనే కిడ్నీ జబ్బుతో బతుకుతున్న ఇళ్లు ఎన్నో, వారిలో జబ్బు ముదిరినవారు తమ చెట్టు కాయ నీళ్లే తాగకూడని పరిస్థితి.

పొటాషియం హద్దులో పెట్టుకోవలసినవారు వంటింట్లో కొన్ని మార్పులు చేసుకోవచ్చు. బంగాళాదుంప, చిలగడదుంప, కంద వంటివాటిని చెక్కు తీసి పలుచగా తరిగి, ముక్కలు తేలేటన్ని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లను పారబోసి అప్పుడు కూర చేసుకుంటే పొటాషియం చాలావరకు పోతుంది. తోటకూర, పాలకూర, మునగాకు విషయంలోనూ ఉడికించి నీరు పిండడమే పద్ధతి. ఇక్కడ మన వంటలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి. పప్పు ఉడికిన కట్టును పారబోయడం మనకు పాపంగా తోస్తుంది, దానితోనే చారు కాస్తాం. ఆ చారులో పప్పు వదిలిన పొటాషియంతో పాటు చింతపండుది, టమాటాది కూడా చేరుతుంది. అన్నంలో పొటాషియం తక్కువే. పుచ్చకాయలో గ్రాముల లెక్కన తక్కువే ఉన్నా ఎవరూ ఒక ముక్కతో ఆపరు. ఖర్బూజాలో అంతకు రెట్టింపు ఉంటుంది. మామిడిపండు పూర్తిగా మానుకోమంటే మన దేశంలో ఎవరూ వినరు కాబట్టి, రెండు చిన్న ముక్కలతో సరిపెట్టి ఆ పూట వేరే పండు మానుకోవడం ఆచరణలో నిలిచే పద్ధతి. మలబద్ధకం రాకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే, ఎందుకంటే కిడ్నీలు పనిచేయనివారిలో మలం ద్వారా పోయే పొటాషియం వాటా పెరుగుతుంది.

బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం తగ్గించిన మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనా పల్లెల్లో జరిగి 2021లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవారికి పక్షవాతాలు తగ్గిన మాట నిజమే. కాని తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారినే కాక, అటువంటివారు ఉన్న ఇళ్లను కూడా ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. ఇంటిల్లిపాదికీ ఉప్పు డబ్బా ఒక్కటే కదా.

పొటాషియం తగ్గేవారి కథ వేరు. వాంతులు, విరేచనాలు, నీరు తీసే మాత్రలు దీనికి సాధారణ కారణాలు. పిక్కలు పట్టేయడం, కడుపు ఉబ్బి మలం కదలకపోవడం, గుండె దడ, కాళ్లు తేలిపోయినట్లు ఉండడం దాని గుర్తులు. మెగ్నీషియం కూడా తగ్గి ఉంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొడినే, పొట్లం మీద రాసినంత నీటిలో కలిపి తాగించాలి. లీటరుకు ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ అందులోనే ఉంటుంది. అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు దానికి బదులు కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత, ఆ సూత్రానికి సరితూగని పానీయాలు ఓఆర్‌ఎస్ అన్న పేరు పెట్టుకోకుండా 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ కట్టడి చేసింది. వేసవి పెళ్లిళ్లలో రాత్రి తీపి పదార్థాలతో కడుపునిండా తిని పడుకున్న కుర్రవాడు తెల్లవారి కాళ్లు కదపలేకపోతే దిష్టి తీయడంతో కాలయాపన చేయరాదు. పొటాషియం ఒక్కసారిగా కణాల్లోకి వెళ్లిపోవడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. కొందరిలో దీని వెనుక థైరాయిడ్ అతిగా పనిచేయడం ఉంటుంది కనుక ఆ పరీక్ష కూడా చేయించాలి.

జ్వరం, వాంతులు, విరేచనాలు వచ్చిన రోజుల్లో బీపీ మాత్రలు, నీరు మాత్రలు వేసుకోవాలా, తాత్కాలికంగా ఆపాలా, ఆపితే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది వైద్యుణ్ణి ముందుగానే అడిగి ఒక కాగితం మీద రాయించుకుని మందుల డబ్బాలో ఉంచుకోండి. డయాలసిస్ చేయించుకునేవారు రెండు రోజుల ఎడం వచ్చే వారాంతంలో పండ్లు, రసాల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. ఎండ పేరు చెప్పి ఒక విడత ఎగ్గొట్టరాదు.

పొటాషియం పెరిగిందని ఒంటికి ముందుగా తెలియకపోవచ్చు. కాళ్లు బరువెక్కడం, పెదవుల చుట్టూ తిమ్మిరి, నాడి నెమ్మదించడం కనిపిస్తే ఈసీజీ, డయాలసిస్ సౌకర్యం రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లి, వాడుతున్న మందుల జాబితా, పాత రిపోర్టు చూపించి, మూత్రం చివరగా ఎప్పుడు వచ్చిందో చెప్పాలి. అక్కడ మొదట ఇచ్చే కాల్షియం ఇంజెక్షన్ పొటాషియాన్ని తగ్గించదు, గుండెను మాత్రం అరగంట నుంచి గంటసేపు కాపాడుతుంది. తరువాత గ్లూకోజుతో కలిపి ఇచ్చే ఇన్సులిన్ కొన్ని గంటలపాటు పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది తప్ప బయటికి పంపదు. అందుచేత రోగి తేరుకుని కబుర్లు చెబుతున్నాడని అదే రాత్రి ఇంటికి పంపమని పట్టుబట్టకుండా, నమూనా మళ్లీ తీసి అంకె దిగి నిలిచిందని వైద్యులు చెప్పేదాకా అక్కడే ఉండాలి.