క్లీనింగ్ కాంట్రాక్టుకు రేటు వేసే ముందు: కొత్త వేతన చట్టంతో లెక్క ఎలా మారింది

వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అందరి నోటా నలుగుతున్న మాట ఒక్కటే: ‘జీతంలో సగం బేసిక్ ఉండాలట’. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరకు వేతనంలో కలిపి లెక్కకట్టాలన్నది ఆ నిబంధన. నలభై వేల జీతగాడికి అది పెద్ద సంగతే. నెల్లూరు పొగతోట ఆసుపత్రుల్లోనో, ఒంగోలు షోరూముల్లోనో ఊడ్చి తుడిచేవాళ్లకు వచ్చేది కనీస వేతనం. దాన్ని బేసిక్, అలవెన్సులుగా ముక్కలు చేసి పీఎఫ్ తగ్గించుకుందామనుకుంటే కుదరదు. కనీస వేతనమంటే బేసిక్, కరువు భత్యం కలిపిన మొత్తం. అదంతా వేతనమే, పీఎఫ్ కూడా దాని మీదే. కాంట్రాక్టరు నిజంగా నష్టపోయేది వీక్లీ ఆఫ్ దగ్గర, ఓటీ (ఓవర్‌టైమ్) దగ్గర.

ముందుగా రేటు తెలుసుకోండి. కార్మిక శాఖ నోటిఫికేషన్‌లో మీ పని ఏ విభాగం కిందికి వస్తుందో, మనిషి ఏ నైపుణ్య స్థాయిలో ఉన్నాడో చూడాలి. కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. అగ్రిమెంటులో ‘కరువు భత్యం పెరిగితే ఆ తేదీ నుంచే బిల్లు పెరుగుతుంది’ అన్న వాక్యం లేకపోతే ఆ తేడా మీ చేతి నుంచే పోతుంది.

ఇక ఒక పోస్టు లెక్క. కేవలం లెక్క సులువుగా ఉండేందుకు నెలకు 13,000 అనుకుందాం. ఇది నోటిఫికేషన్ రేటు కాదు.

రోజు కూలి: 13,000ను 26తో భాగిస్తే 500
పీఎఫ్‌లో యజమాని వాటా, బీమా, నిర్వహణ చార్జీలు, మొత్తం 13 శాతం: 1,690
ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 3.25 శాతం: 423
బోనస్ 8.33 శాతం: 1,083
గ్రాట్యుటీకి పక్కన పెట్టేది (ఏడాదికి 15 రోజులు): నెలకు 625
మొత్తం: 16,821

చాలామంది కొటేషన్ ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆసుపత్రికి ఆదివారం లేదు, పోస్టు నెలకు 30 రోజులూ నడవాలి. మనిషి చేసేది 26 రోజులే. మిగతా 4 రోజులకు రిలీవర్ (బదులు వచ్చే మనిషి) ఖర్చు ఇదే లెక్కన 2,588. అప్పుడు పోస్టుకు 19,409 అవుతుంది. యూనిఫాం, గ్లౌజులు, ఫినాయిల్, సూపర్‌వైజర్, సర్వీస్ చార్జి వీటి మీద. చివర్లో 18 శాతం జీఎస్టీ.

రిలీవర్ ఎందుకని అదే మనిషితో 30 రోజులూ చేయించారనుకోండి. సెలవు రోజు పనికి ఓటీ రేటు, అంటే రెట్టింపు ఇవ్వాలి. నాలుగు రోజులకు 2,000 కాదు, 4,000. అందుకే ఆరు పోస్టులకు ఏడుగురిని పెట్టుకోవడం పద్ధతి: ఏడుగురు వారానికి ఆరు రోజులు చేస్తే 42 షిఫ్టులు, ఆరు పోస్టులకు ఏడు రోజులకు కావలసినవీ 42.

ఓటీ కూడా ఇంతే కచ్చితం. ఈ లెక్కలో గంటకు 62.50, ఓటీ గంటకు 125. ముహూర్తాల సీజన్లో కల్యాణమండపం కడిగేందుకు రాత్రి మూడు గంటలు ఆపితే 375 రావాలి. టీ, టిఫిన్ పెట్టి సరిపెడితే చెల్లదు.

టెండరులో సర్వీస్ చార్జి ఒక శాతం రాసిన కొటేషన్ చూస్తే అనుమానించాల్సిందే. 19,409 మీద ఒక శాతం 194 రూపాయలు. సూపర్‌వైజర్ పెట్రోలుకే చాలదు. ఆ లోటు ఎక్కడో కూలీ జీతంలోంచే పూడుతుంది. పని అప్పగించిన ఆసుపత్రో అపార్ట్‌మెంటు సంఘమో ‘అది కాంట్రాక్టరు గొడవ’ అని తప్పుకోవాలనుకున్నా, కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే ఆ భారం అసలు యజమాని మీదే పడుతుంది.

మనుషుల లెక్కలోనూ పొరపాటు జరుగుతుంది. పీఎఫ్, బోనస్ వర్తించాలంటే 20 మంది, ఈఎస్ఐ, గ్రాట్యుటీ వర్తించాలంటే 10 మంది ఉండాలి. నెల్లూరులో 12 మంది, ఒంగోలులో 9 మంది ఉంటే ‘రెండు చోట్లా ఇరవై లేరు’ అనడం కుదరదు. సంస్థ ఒకటే, మొత్తం 21.

చేతిలో డబ్బు ఎంత ఉండాలో కూడా ముందే చూసుకోండి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి, పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు 15లోపు కట్టాలి. ఆసుపత్రి బిల్లు రెండు నెలలకు వస్తే, ఆ రెండు నెలల జీతాలు మీరు ముందుగా పెట్టుకోవాలి. ‘పార్టీ బిల్లు ఇవ్వలేదు’ అన్నది జీతం ఆపడానికి కారణం కాదు. మనిషి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అడ్వాన్సుతో సహా కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు.

ఇక పనిచేసేవాళ్లు చూసుకోవాల్సినవి. పై లెక్కలో 13,000లో పీఎఫ్ 1,560, ఈఎస్ఐ 98 పోగా చేతికి 11,342 రావాలి. అంతకంటే తగ్గితే ఎందుకో స్లిప్పులో కనిపించాలి. పీఎఫ్ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో నెలనెలా చూడండి. కోత పడి జమ లేకపోతే వెంటనే అడగండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, పీఎఫ్‌లో మరో రకంగా ఉంటే డబ్బు తీసేటప్పుడు ఇబ్బంది పడేది మీరే, ఇప్పుడే సరిచేయించండి. కాంట్రాక్టరు మారినప్పుడు కొత్త నంబరు తీసుకోకుండా పాత యూఏఎన్ (పీఎఫ్ నంబరు), పాత ఈఎస్ఐ నంబరే ఇవ్వండి. ఈఎస్ఐలో ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉంటేనే అనారోగ్య భత్యం వస్తుంది. రెండు నంబర్ల మధ్య రోజులు చీలిపోతే అదీ పోతుంది.

జీతం తక్కువ పడిందని క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. అక్కడ జీతం పూర్తిగా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కాబట్టి హాజరు, జీతాల రిజిస్టర్లు, బ్యాంకు జమ కాగితాలు కనీసం అన్నాళ్లు దాచండి.