గంబూటు లోపల తడి: చిల్లు పడిందా, చెమటా?

బూట్లలోకి నీళ్లు వస్తున్నాయని అనుమానం రాగానే కొత్త జత కొనేస్తున్నారు. బకెట్టు నీళ్లలో పెట్టి చూడటానికి అరగంట పడుతుంది. ఆ అరగంట పెట్టకపోవడం వల్ల రొయ్యల చెరువుల దగ్గర, పాల డెయిరీల్లో, చేపల షెడ్లలో బాగున్న బూట్లే చెత్తలోకి పోతున్నాయి. కొత్త జతలోనూ వారం తిరక్కుండా అదే తడి కనిపిస్తుంది.

ముందు బకెట్టు పరీక్ష

బూటును ఒకటి రెండు రోజులు నీడలో పూర్తిగా ఆరనివ్వండి. లోపల చెయ్యి పెట్టినప్పుడు లైనింగ్ గుడ్డ చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే. ఆరాక ముందు భాగంలో, మడమ దగ్గర పొడి న్యూస్‌పేపరు కూర్చండి. పై అంచు నీటికి నాలుగు వేళ్ల పైన ఉండేలా బూటును బకెట్టులోకి దించండి. తేలకుండా ఇసుక నింపిన సీసా ఒకటి లోపల పెట్టండి.

ఇక్కడ చాలామంది ఒక పని వదిలేస్తారు. కదలకుండా నిలబెట్టిన బూటులో పగులు మూసుకునే ఉంటుంది, నడిచేటప్పుడు పాదం వంగితేనే తెరుచుకుంటుంది. అందుకే బూటు నీళ్లలో ఉండగానే వేళ్ల మొదళ్ల దగ్గర దాన్ని ముప్పై నలభై సార్లు వంచాలి. అరగంట తర్వాత కాగితం తీసి చూడండి. ఒక పక్క తడిసి ఉంటే చిల్లు అక్కడే. అన్ని వైపులా పొడిగా ఉంటే బూటులో లోపం లేదు.

కాగితం పొడిగా ఉంది, సాక్సులు మాత్రం తడుస్తున్నాయి

ఇది చెమట. జనం నమ్మని కారణం కూడా ఇదే, ఎందుకంటే చూడటానికి అచ్చం చిల్లు పడినట్టే ఉంటుంది. నీటిని లోపలికి రానివ్వని రబ్బరు చెమట ఆవిరినీ బయటికి పోనివ్వదు. చెరువు నీటిలో నిలబడినప్పుడు బూటు గోడ చల్లబడుతుంది. లోపలి ఆవిరి ఆ గోడకు తగిలి నీరవుతుంది. నీళ్లలో దిగినప్పుడే తడి ఎక్కువగా తెలుస్తోంది కాబట్టి బయటి నీరే వచ్చిందని అనుకుంటారు.

అసలు మోసం లైనింగ్‌లో ఉంది. మొదటి రోజు చెమటను ఆ గుడ్డ పీల్చుకుంటుంది. బూటును నిలబెట్టి వదిలేస్తే పొడవాటి గొట్టం లోపలికి గాలి ఆడదు, తెల్లారేసరికి ముందు భాగం తడిగానే ఉంటుంది. రెండో రోజు చెమట దాని మీద చేరుతుంది. కొన్నాళ్లకు పిండితే నీళ్లు కారేంత తడి పేరుకుంటుంది. కొత్త జత లైనింగ్ పొడిగా ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది. దాంతో పాత జత కారిందన్న నమ్మకం గట్టిపడుతుంది.

తేడా పట్టుకునే గుర్తులున్నాయి. రెండు బూట్లూ ఒకేలా తడిస్తే చెమట, ఒక్కటే తడిస్తే చిల్లు. తెల్ల సాక్సులు వేసుకోండి: చెరువు నీరు వస్తే ఒక చోట బురద మరక పడుతుంది, చెమటైతే మరక లేకుండా పాదమంతా తడుస్తుంది. ఇంకా అనుమానముంటే ఒక పూట పొడి నేల మీద పనికి అవే బూట్లు వేసుకోండి. అప్పుడూ తడిస్తే ఇక వాదన అక్కర్లేదు.

దీనికి మందు ఆరబెట్టడమే. పని అయిన వెంటనే లోపలి అట్టసోలు తీసి విడిగా ఆరేయండి. బూటులో న్యూస్‌పేపరు కూరి, గంట తర్వాత తడిసిన కాగితం తీసి పొడిది పెట్టండి. ఆ తర్వాత రెండు కర్రలు పాతి వాటి మీద బోర్లించండి, అంచు నేలకు ఆనకూడదు. ఎండలో పెట్టొద్దు, ఎండకు రబ్బరు పగుళ్లిస్తుంది. నీడలో ఫ్యాను గాలి చాలు. రోజూ పూటంతా వేసుకునేవాళ్లకు ఒక ఖరీదైన జత కంటే మార్చి మార్చి వేసుకునే రెండు మామూలు జతలు మేలు. నూలు సాక్సులు తడిని పట్టుకుని వదలవు. పాలియెస్టర్ కలిసిన ఆటల సాక్సులు వాడి, మధ్యాహ్నం అన్నానికి ఆగినప్పుడు పొడి జత మార్చండి. వేళ్ల సందులు ఒరిసిపోవడం దీంతోనే చాలావరకు తగ్గుతుంది.

వానలో మాత్రం ప్యాంటు బూటులోకి దోపొద్దు. బట్ట వెంబడి నీరు నేరుగా మడమ దాకా దిగుతుంది. ప్యాంటు బూటు మీదుగా ఉండాలి.

కాగితం తడిసింది

బూటు పై అంచును చుట్టగా మడిచి, గాలి బంధించి నీళ్లలో నొక్కితే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది. అతికించేముందు అది రబ్బరో పీవీసీయో చూసుకోండి. పీవీసీ బూటు అచ్చులో పోసింది, ముందూ వెనకా నిలువునా సన్నటి అచ్చు గీత ఉంటుంది. పొరలు అతికించి చేసిన రబ్బరు బూటుకు సోలు చుట్టూ విడిగా వేసిన పట్టీ కనిపిస్తుంది.

రబ్బరైతే చిల్లు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, సైకిలు ట్యూబు సొల్యూషన్ బూటుకూ ట్యూబు ముక్కకూ పలచగా రాయండి. ఐదు నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక ముక్క వేసి గట్టిగా నొక్కండి. ఒక రోజు వాడొద్దు. పీవీసీ మీద ఈ అతుకు నిలవదు. పైపులకు వాడే పీవీసీ గమ్ము గట్టిపడి, వంగే చోట మళ్లీ పగులుతుంది. వంగే వినైల్ అతికించే గమ్ము అడిగి తీసుకోండి.

కొన్ని నెలలకే వంగే చోట పగిలింది

సైజు పెద్దదైతే బూటు మీ వేళ్ల మొదళ్ల దగ్గర కాక వేరే చోట మడత పడి అక్కడే పగులుతుంది. సాక్సులతో, సాయంత్రం పూట తొడిగి చూసి కొనండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి మందం ఖాళీ చాలు. కొట్లోనే ముందు భాగాన్ని బాగా వంచండి. మడతలో తెల్లగా మారితే నాసిరకం ముడిసరుకు కలిసినట్టు, పక్కన పెట్టేయండి. రబ్బరు పారిశ్రామిక బూట్లకు భారతీయ ప్రమాణం అంకె ఐఎస్ 5557, పీవీసీవాటికి ఐఎస్ 12254. ఐఎస్ఐ గుర్తు దగ్గర ఆ అంకె చూడండి.

పనిని బట్టి రకం మారుతుంది. పాల కొవ్వు, చేపల నూనె, డీజిల్ తగిలే చోట మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అక్కడ నైట్రైల్ (నూనెను తట్టుకునే రబ్బరు) కలిసినవి తీసుకోండి. మెరుపు కోసం కొబ్బరి నూనె, వేజిలైన్ రాయడమూ రబ్బరుకు అలాంటి చేటే. నీరు చీలమండ దాటని చోటికి మోకాలి బూటు అక్కర్లేదు. గొట్టం ఎంత పొట్టిదైతే చెమట అంత తక్కువ. పాముల భయమున్న గట్ల మీద మాత్రం పొడవాటివే వేసుకోండి.

ఎలుకలు కొరకడం, కొన్న రోజే అతుకు ఊడటం లాంటివి ఎప్పుడో గానీ జరగవు. అతుకు ఊడితే కొట్లో మార్పించుకోండి. కొత్త రబ్బరు మీద కనిపించే తెల్లటి పొడి లోపం కాదు, లోపలి మైనం పైకి తేలింది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.