కంపెనీ కొలువు పాఠాలు – 4: చేసినప్పుడే రాయడం

పోయిన పాఠంలో షిఫ్టు అప్పగించడం గురించి చెప్పుకున్నాం. మీ షిఫ్టులో జరిగింది తర్వాత వచ్చేవాడికి అయిదు వాక్యాల్లో రాసి ఇవ్వమన్నాను. రాసి చూసినవాళ్లకు ఒక చిక్కు తెలిసే ఉంటుంది. ‘అంతా మంచిగనే నడుస్తున్నది’ అన్నాక కలం ముందుకు కదలదు. ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి అయిదు వాక్యాలు ఎందుకు దొరకవు? జరిగినప్పుడు రాసుకోలేదు కాబట్టి. అందుకే ఈసారి పాఠం అదే.

ఈ పాఠం ముఖ్యంగా నల్లగొండ ఎన్‌జీ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీలోనో బీఎస్సీ కెమిస్ట్రీ చేసి చౌటుప్పల్ వైపో, జడ్చర్ల దగ్గర పోలేపల్లి వైపో మందుల కంపెనీల్లో చేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. రైస్ మిల్లులో పనిచేసేవాళ్లకూ పనికొస్తుంది కానీ ఉదాహరణలన్నీ నాకు తెలిసిన బల్క్ డ్రగ్ ప్లాంటు, అంటే గోళీల్లో వేసే అసలు మందు పొడి తయారుచేసే చోటు నుంచే ఇస్తాను.

ముందు ఒక సంగతి గుర్తు చేస్తాను. వడ్ల కొనుగోలు కేంద్రంలో మీ నాయనతో పాటు నిలబడే ఉంటారు. తేమ యంత్రంలో పిడికెడు గింజలు పోస్తారు. 17 శాతం దాటితే మళ్లీ ఆరబోసుకోమంటారు. అందుకే మీ నాయన ఆ యంత్రం మీదికి వంగి మరీ అంకె చూస్తాడు. కాంటా ఎక్కిన ప్రతి బస్తా దగ్గరా నిలబడతాడు, తరుగు ఎంత రాశారో అడుగుతాడు, మాట తేడా వస్తే కొట్లాడతాడు. ఎందుకంటే రాసిన అంకెనే పైసలు. ఆ అంకె ఎవడో చూడకుండా రాస్తే ఊరుకునే రైతు ఈ జిల్లాలో లేడు.

మీరు తయారుచేసే మందు మింగే మనిషి మాత్రం మీ డ్రైయర్ (మందు పొడిని ఆరబెట్టే యంత్రం) దగ్గర నిలబడలేడు. గోళీలో ఏముందో నోట్లో వేసుకుని చెప్పలేడు. ఆయన తరఫున అక్కడ ఉన్నది మీరు నింపే కాగితం ఒక్కటే. కంపెనీలో దాన్ని బీపీఆర్ (బ్యాచ్ ప్రొడక్షన్ రికార్డు) అంటారు, గోళీలు చేసే చోట బీఎంఆర్ (బ్యాచ్ మాన్యుఫాక్చరింగ్ రికార్డు) అంటారు. ఒక బ్యాచు పుట్టుక మొత్తం అందులో ఉంటుంది: ఏ ముడిసరుకు ఎంత తూచారు, రియాక్టర్‌లో ఎన్నింటికి వేశారు, ఎంత వేడి పట్టింది, సెంట్రిఫ్యూజ్ ఎంతసేపు తిరిగింది, ఎవరు చేశారు, ఎవరు చూశారు.

దీనికి నియమాలు ఉన్నాయి. బల్క్ డ్రగ్ తయారీకి ప్రపంచమంతా పట్టుకునే మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ7, 2000లో వచ్చింది. అది చెప్పేది చాలా మామూలు మాట: పని చేసిన వెంటనే, అందుకోసం ఉంచిన గడిలోనే, చెరగని సిరాతో రాయాలి, ఎవరు రాశారో తెలియాలి, దిద్దితే సంతకం, తేదీ వేయాలి, పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. మన దేశంలో 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో మందుల తయారీ పద్ధతులు చెప్పే షెడ్యూల్ ఎం ఉంది, దాన్ని 2023 డిసెంబరులో తిరగరాశారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) వాళ్లు తనిఖీకి వస్తే తప్పులు కనబడ్డప్పుడు చేతిలో పెట్టే కాగితాన్ని ‘483’ అంటారు. కంపెనీలో చేరిన వారానికే ఆ అంకె వింటారు, అందరూ దాన్ని పాము పేరులాగా గుసగుసగా పలుకుతారు.

ట్రైనింగులో మీకు ‘ఆల్కోవా’ (ALCOA) అని అయిదు ఇంగ్లిషు అక్షరాలు నేర్పుతారు. ఎవరు రాశారో తెలియాలి, చదివితే అర్థం కావాలి, అప్పుడే రాయాలి, మొదట రాసిన కాగితమే ఉండాలి, రాసింది నిజం కావాలి. పరీక్షలో అయిదూ రాస్తారు, పాసవుతారు. నా అనుభవంలో మాత్రం మిగిలిన నాలుగూ చెడిపోవడానికి దారి మూడోదే. అప్పుడే రాయనివాడు తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తాడు, గుర్తు రానిచోట ఊహించి రాస్తాడు. అబద్ధం రాయాలని ఎవడూ కూర్చోడు. ‘జర ఆగి రాద్దాంలే’ అని కూర్చుంటాడు.

నేనూ అట్లనే కూర్చున్నాను.

కొత్తగా చేరిన ఏడాది. హైవే పక్కన ఒక కంపెనీ, పేరు వద్దు. సీ షిఫ్టు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు. నా డ్యూటీ డ్రైయర్ దగ్గర. గంటకోసారి వేడి చూసి రాయాలి, 50 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి. ఒంటిగంట దాకా బుద్ధిగా రాశాను. తర్వాత చాయ్‌కి పోయాను, అక్కడ ఇద్దరం ఊరి ముచ్చట్లలో పడ్డాం. వచ్చి కుర్చీలో ఒరిగాను. లేచేసరికి అయిదూ నలభై. ఆరుంబావుకు కంపెనీ బస్సు. డ్రైయర్ మీద 52 కనబడుతున్నది. రెండింటికి 52, మూడింటికి 52, నాలుగింటికి 53, అయిదింటికి 52 అని ఒక్క బిగిన రాసేశాను. ఆ 53 ఎందుకు రాశానో తెలుసా? అన్నీ ఒకటే ఉంటే అనుమానం వస్తుందని. తప్పు చేస్తున్నానని నాకు తెలుసు అనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మూడో రోజు క్యూఏ (నాణ్యత, రికార్డులు చూసే విభాగం) మేడం పిలిచింది. కాగితం ముందు పెట్టి మెల్లగా అడిగింది: “రాత్రి రెండూ యాభైకి కరెంటు పోయింది గదా, మీ డ్రైయర్‌కు పోలేదా?”

ప్లాంటులో వేడిని దానంతటదే గీసే చార్టు ఒకటి ఉంటుందని నాకు తెలుసు. చూడరులే అనుకున్నాను. జనరేటర్ అందుకునేలోపు, మళ్లీ డ్రైయర్ వేడెక్కేలోపు మూడు గంటలప్పుడు 38 చూపించింది ఆ చార్టు. నా కాగితం మీద 52.

ఇక్కడే మీరు ఆగి ఆలోచించాల్సింది ఉంది. ఆ 38 వల్ల మందు చెడిపోలేదు. తేమ పరీక్షలో బ్యాచు మంచిగనే వచ్చింది. నేను మూడింటికి చూసి 38 అని రాసి, ఇన్‌చార్జికి చెప్పి ఉంటే ఒక డీవియేషన్ కాగితం, అంటే పద్ధతి ఎక్కడ తప్పిందో చెప్పే కాగితం రాసేవాళ్లు, ఇంకాసేపు ఆరబెట్టమనేవాళ్లు, కథ అయిపోయేది. 38 పెద్ద తప్పు కాదు, 52 పెద్ద తప్పు. ఎందుకంటే ఆ తర్వాత వాళ్లు నేను అంతకుముందు సంతకం పెట్టిన బ్యాచులన్నీ బయటికి తీశారు. ఒక్కొక్కటీ చార్టుతో పోల్చారు. వాటిల్లో నేను నిజమే రాశాను, అయినా నా మాటగా ఒక్కటీ చెల్లలేదు. నిన్న అబద్ధం రాసినవాడు మొన్న నిజం రాశాడని ఎవరు నమ్మాలి? ఉద్యోగం పోలేదు. ఆరు నెలలు నా ప్రతి ఎంట్రీ పక్కన ఇంకొకరు నిలబడ్డారు. వడ్ల కాంటా దగ్గర మా నాయన నిలబడ్డట్టే.

ఇక పని ఎట్ల చేయాలో చెప్పుకుందాం.

కాగితం యంత్రం దగ్గరే ఉండాలి. ఇన్‌చార్జి టేబుల్ మీద ఉంటే మీరు నడిచి వెళ్లేలోపు అంకె మారుతుంది, లేదా మీరు మారతారు. పెన్ను దారంతో కట్టి పెట్టుకోండి. నీలం గానీ నలుపు గానీ బాల్‌పెన్ను. జెల్ పెన్ను సిరా నీటి చుక్క పడితే పారుతుంది. పెన్సిల్ మాట ఎత్తకండి. చేతి మీద, గ్లోవు మీద, టిష్యూ మీద, పాత డబ్బా అట్ట మీద రాసుకుని తర్వాత ఎక్కించడం చాలామందికి అలవాటు. ఆ అట్ట ముక్కే మొదటి కాగితం అవుతుంది, దాన్ని చింపి పారేస్తే మీరు రికార్డు చింపినట్టే. తనిఖీకి వచ్చినవాళ్లు చెత్తబుట్టలు వెతుకుతారన్నది ఉత్త పుకారు కాదు.

టైము ప్లాంటు గోడ గడియారంలో చూసి రాయండి. మీ చేతి గడియారం అయిదు నిమిషాలు ముందుంటే, మీరు తూచకముందే పక్కవాడు రియాక్టర్‌లో వేసినట్టు కాగితం మీద కనబడుతుంది. ఇట్లాంటి కేసు నేనే రెండుసార్లు చూశాను, ఇద్దరూ నిజాయితీపరులే.

కనబడ్డ అంకెనే రాయండి. 54.6 కనబడితే 55 కాదు, 54.6. పై గడిలో ఉన్నదే కింద కూడా వస్తే రెండు చుక్కలు పెట్టి వదలకండి, మళ్లీ పూర్తిగా రాయండి. అక్కర్లేని గడి ఖాళీగా ఉంచకండి, గీత కొట్టి ‘వర్తించదు’ అని రాసి సంతకం, తేదీ వేయండి. ఖాళీ గడి తర్వాత ఎవరైనా వచ్చి కూర్చునే ఖాళీ కుర్చీ లాంటిది. తూకం యంత్రం ఇచ్చే చీటీ కొన్నాళ్లకు వెలిసిపోతుంది, కాబట్టి దానికి జిరాక్సు తీసి సంతకం పెట్టి రెండూ కలిపి అతికించాలి.

దిద్దడం విడిగా సాధన చేయాలి, చేతికి పాత అలవాటు ఉంటుంది. బడిలో తప్పు పోతే గట్టిగా గీకి కనబడకుండా చేశాం, 5ను 6గా దిద్దాం, కాలేజీలో వైట్‌నర్ పూశాం. ఇక్కడ అవేవీ చెల్లవు. 52కు బదులు 25 రాశారనుకోండి. 25 మీద ఒక్క గీత, కింద 25 కనబడుతూనే ఉండాలి. పక్కన 52. దాని పక్కన కారణం, ‘అంకెలు తారుమారు’ అని రెండు మాటలు చాలు. సంతకం, తేదీ. ఇంతే. మొదట్లో సిగ్గుగా అనిపిస్తుంది. నేను మాత్రం ఒక్క దిద్దుబాటు కూడా లేని బీపీఆర్ చూస్తే రెండోసారి చూస్తాను. అసలు రీడింగులు అటూ ఇటూ గెంతుతుంటాయి, మనుషులు పొరపడుతుంటారు. ఊహించి రాసినవే పద్ధతిగా, ఒకే పెన్నుతో, ఒకే వాలుతో నడుస్తాయి.

మరి నిజంగానే రాయడం మరిచిపోతే? మూడింటి రీడింగు చూడలేదు, ఇప్పుడు అయిదైంది. చూడని రీడింగు ఇక లేదు. దాన్ని పుట్టించకండి. చూసి, రాయడం ఒక్కటే మరిచి ఉంటే ‘ఆలస్యంగా నమోదు’ అని, ఇప్పటి టైము, ఇప్పటి తేదీ, కారణం రాయండి. చూడనే లేకపోతే చూడలేదని రాసి ఇన్‌చార్జికి చెప్పండి. వెనక తేదీ ఎప్పుడూ వేయకండి. ఈ ఒక్క విషయంలో ‘ఒక్కసారికి’ అనే మాట లేదు.

అసలు కష్టం ఇప్పుడు వస్తుంది. మీకు రాయాలనే ఉంటుంది, కానీ పైనున్నాయన “ఏయ్, బస్సు ఎల్లిపోతది, గబగబ నింపు, నేను చూస్కుంటా” అంటాడు. మన దగ్గర పెద్దవాళ్ల మాట కొట్టేయడం తేలిక కాదు. పైగా ఆయన మీ ఊరి పక్క ఊరే అయ్యుంటాడు, మిమ్మల్ని కొలువులో పెట్టించిందీ ఆయనే అయ్యుండొచ్చు. ఇక్కడ మొహమాటమే మనిషిని ముంచుతుంది. నీతులు చెప్పకండి, వాదించకండి. ఇట్ల అనండి: “సార్, ఆ రీడింగు నేను చూడలే. చూడలేదనే రాస్త, మీరు పక్కన సంతకం పెట్టుండ్రి.” ఆయన అడిగింది కాదనకుండా, ఆయన సంతకం అడుగుతున్నారు. పది మందిలో ఎనిమిది మంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ‘నేను చూస్కుంటా’ అన్నవాడు కాగితం మీద చూసుకోడు. అయినా ఒత్తిడి పెడితే క్యూఏ వాళ్లకు చెప్పండి. వాళ్లు ప్రొడక్షన్ కింద పనిచేయరు, అందుకే వాళ్లను విడిగా పెట్టారు.

మీలో కొందరు పాలమూరు వైపు వాళ్లు. మీ తాతలు గుంపు మేస్త్రీల వెంట డ్యాములకు, కాలువలకు పోయినవాళ్లే అయ్యుంటారు. ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎంత మిగిలింది అన్నీ మేస్త్రీ పుస్తకంలోనే ఉండేవి. చదువురాని మనిషి అందులో వేలిముద్ర వేసేవాడు. తాను చూడలేని పుస్తకాన్ని నమ్మడం అంటే ఏమిటో ఇంట్లో పెద్దలను అడగండి. ఇప్పుడు పుస్తకం మీ చేతిలో ఉంది.

ఈ వారం ఇంటి సాధన. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంట్లో రోజూ జరిగే ఒక పనిని ఎంచుకోండి: బోరు మోటరు వేసిన టైము, ఆపిన టైము, లేదా బర్రె పొద్దున, మాపున ఇచ్చిన పాలు. నోటుపుస్తకం స్టార్టర్ డబ్బా దగ్గరో, పాల క్యాను దగ్గరో వేలాడదీయండి. ఏడు రోజులు. గోడ గడియారంలోని టైమే, కనబడ్డ కొలతే. తప్పు పోతే ఒక్క గీత, కారణం, సంతకం. మరిచిపోతే మరిచిపోయానని రాయండి. మూడో రోజుకు ‘రోజూ ఇదే టైము గదా’ అని చూడకుండా రాయబుద్ధి అవుతుంది. అప్పుడు పక్కన చిన్న చుక్క పెట్టుకోండి. ఏడో రోజు ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టండి. నాకు మొదటి వారం తొమ్మిది వచ్చాయి, అది కూడా ఈ ఉద్యోగంలో పదేళ్లు చేసిన తర్వాత.

వచ్చే పాఠం ‘చెక్డ్ బై’ గడి గురించి, అంటే పక్కవాడి పని చూసి పెట్టే సంతకం. ఇప్పటికే కొలువులో ఉన్నవాళ్లు అప్పటిదాకా ఒక పని చేసి పెట్టుకోండి: పోయిన నెలలో ఆ గడిలో మీరు పెట్టిన సంతకాల్లో, నిజంగా పక్కన నిలబడి చూసినవి ఎన్నో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. పెన్సిల్‌తో మాత్రం రాయకండి.