నీళ్ల హీటర్ రిపేరు నేర్చుకుందాం – 4: థర్మోస్టాట్ పట్టుకోవడం, మార్చడం

పోయిన భాగంలో మల్టీమీటర్ వాడటం నేర్చుకున్నాం. పాత ఇస్త్రీపెట్టె మీద రెసిస్టెన్స్ కొలిచి చూడమన్నాను. చేసినవాళ్లకు ఈ భాగం తేలిగ్గా ఉంటుంది. చెయ్యనివాళ్లు ముందు అది చేసి రండి. ఇవాళ ఆ మీటరు చెప్పిన మాట నమ్మి హీటర్ లోపల చెయ్యి పెట్టబోతున్నాం.

ట్యాంకులోకి కాయిల్ దిగి ఉండి, ఆ కాయిల్ మధ్యలో ఒక సన్నని గొట్టం, ఆ గొట్టంలో పొడవాటి కడ్డీ థర్మోస్టాట్ (నీళ్లు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే స్విచ్) ఉండే రకం హీటర్ గురించి ఇక్కడ చెబుతున్నాను. బకెట్లో వేలాడదీసే రాడ్డు గురించి కాదు. ట్యాంకు పూర్తిగా మూసి, లోపల ప్రెషర్ ఉండే రకమైతే, లేదా మీరుండే చోట ఇలాంటి పని లైసెన్సు ఉన్నవాళ్లే చెయ్యాలన్న నిబంధన ఉంటే, చదివి అర్థం చేసుకోండి చాలు. పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కి వదిలెయ్యండి.

ముందు ఆ కడ్డీ సంగతి. బయట కనిపించేది కడ్డీ సొంత ఇత్తడి గొట్టం, కాయిల్ మధ్యలో ఉన్న గొట్టం వేరు. దాని లోపల ఇన్వార్ అనే మిశ్రలోహంతో చేసిన సన్నని కడ్డీ ఉంటుంది. ఇన్వార్‌లో సుమారు 36 శాతం నికెల్, మిగతాదంతా దాదాపు ఇనుమే. వేడికి ఇది సాగదన్నట్టే లెక్క. 1896లో దీన్ని కనిపెట్టిన షార్ల్ ఎడువార్ గియోమ్‌కి 1920లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. బాత్రూమ్ పక్కన దుమ్ము పట్టిన డబ్బాలో నోబెల్ దాక్కుని ఉందన్నమాట! నీళ్లు వేడెక్కితే ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ కదలదు. రెండింటి చివరలూ కింద కలిసే ఉంటాయి కాబట్టి, గొట్టం సాగినకొద్దీ లోపలి కడ్డీ కిందికి లాగబడుతుంది. దాంతో పైనున్న స్విచ్ 'టక్'మని విడిపోతుంది. చల్లారాక మళ్లీ 'టక్'మని కలుస్తుంది. ఈ చప్పుడు గుర్తుపెట్టుకోండి, పని మొత్తం అయ్యేదాకా అవసరం పడుతుంది.

కొత్తరకం వాటిలో ఇంకో స్విచ్ కూడా ఉంటుంది. థర్మోస్టాట్ పనిచెయ్యక నీళ్లు హద్దు దాటి కాగితే అది విడిపోతుంది, దానంతట అది కలవదు. చిన్న రీసెట్ బటన్ నొక్కాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. బటన్ నొక్కగానే నీళ్లు వేడెక్కాయి కదా అని వదిలేస్తారు. రెండ్రోజులకు మళ్లీ నొక్కుతారు. అది రిపేరు కాదు, అరుస్తున్న మనిషి నోరు మూయడం. ఒక్కసారి నొక్కి చూడండి, అదీ కరెంటు ఆపాకే. మళ్లీ విడిపోయిందంటే దానికి కారణం వెతకాలి.

కారణం వెతకడానికి మొదటి మీటరు నీళ్లే. నీళ్లు సలసలా కాగుతూ ట్యాంకులో గురగురమంటుంటే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయాయని దాదాపు ఖాయం. వెంటనే కరెంటు ఆపండి, పిల్లల్ని ఆ కుళాయి దగ్గరికి రానివ్వకండి, బాగా చల్లారేదాకా మీరూ తిప్పకండి. నీళ్లు అసలు వేడెక్కకపోతే మాత్రం తప్పు ఎవరిదైనా కావచ్చు: రీసెట్, థర్మోస్టాట్, కాయిల్, వైరు. ఆన్ చెయ్యగానే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆగే స్విచ్) పడిపోతుంటే ముందు కాయిల్‌నే అనుమానించండి, దాని పైపొర చిట్లి నీళ్లలోకి కరెంటు దిగుతూ ఉండొచ్చు. నీళ్లు గోరువెచ్చగా ఉండగానే కట్ అయిపోతుంటే కాయిల్ మీద ఉప్పు పేరుకుందేమో చూడాలి. ఉప్పు పొర వల్ల కాయిల్ వేడి నీళ్లకు చేరదు. మధ్యలో గొట్టం మాత్రం కాలిపోతుంటుంది. పాపం థర్మోస్టాట్ దాన్ని చూసి నీళ్లు కాగాయనుకుంటుంది.

ఇక పని. స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ బోర్డులో ఆ లైను మొత్తాన్ని ఆపే ఎంసీబీ దించాలి. చాలా చోట్ల స్విచ్ ఒక్క వైరునే తెంచుతుంది. ఎవరో ఫేజూ న్యూట్రలూ తారుమారు చేసి ఉంటే, స్విచ్ ఆపినా కాయిల్ మీద కరెంటు అలాగే ఉంటుంది. ఎంసీబీ దించి, దాని మీద టేపు అంటించి, ఇంట్లో అందరికీ చెప్పండి. తర్వాత మీటరుతో ముందు కరెంటు ఉన్న ఒక సాకెట్‌లో కొలిచి మీటరు పనిచేస్తోందని చూసుకోండి. అప్పుడు హీటర్ దగ్గర ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ కొలవండి. మళ్లీ ఆ సాకెట్‌కే వెళ్లి ఇంకోసారి చూడండి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయినా అది సున్నాయే చూపిస్తుంది, అందుకే ఈ తిరుగుడు. లైటు వెలిగే టెస్టర్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

మూత తియ్యగానే స్క్రూడ్రైవర్ పెట్టకండి. ముందు ఫొటో తియ్యండి, తర్వాత తీరిగ్గా చూడండి. ఇది నేను తలనొప్పి పడి నేర్చుకున్నది. ఒక హీటర్‌కి వరసగా రెండు థర్మోస్టాట్లు మార్చాను. మూడోది చేతిలో పట్టుకుని మూత తీసినప్పుడు గానీ ఫేజ్ వైరు చివర కంటపడలేదు. రాగి నల్లబడి, పైనున్న ప్లాస్టిక్ ముడతలు పడి, స్క్రూ కింద వైరు వేలుతో కదిలిస్తే కదులుతోంది. లూజ్ కనెక్షన్ దగ్గర పుట్టిన వేడి పక్కనే ఉన్న థర్మోస్టాట్ తలను మాడ్చేస్తోంది. రెండుసార్లూ నేను చచ్చినవాణ్ణి మార్చానే తప్ప చంపినవాణ్ణి చూడలేదు. కాబట్టి మాడిన వైరు ఉంటే శుభ్రమైన రాగి కనిపించేదాకా కత్తిరించండి. పొడవు చాలకపోతే మొత్తం వైరే మార్చండి, అదీ వేడిని తట్టుకునే సిలికోన్ లేదా రబ్బరు పూత వైరుతో. మామూలు పీవీసీ వైరు ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు వైర్లు విప్పి కొలుద్దాం. నీళ్లు చల్లగా ఉండాలి, డయల్ ఎక్కువ వేడి వైపు తిప్పి ఉంచాలి. థర్మోస్టాట్ రెండు టెర్మినళ్ల మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి. రాకపోతే రీసెట్ నొక్కి మళ్లీ చూడండి. అప్పుడూ రాకపోతే అది పోయినట్టే. కాయిల్ కూడా కొలవండి: 230 వోల్టుల మీద 3 కిలోవాట్ల కాయిల్ అయితే సుమారు 17.6 ఓమ్‌లు, 2 కిలోవాట్లదైతే 26.5 దగ్గర. కాయిల్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం మీటరు దారి తెగినట్టు చూపాలి, సున్నా కాదు.

కాంటాక్టులు అతుక్కున్నాయన్న అనుమానం ఉంటే థర్మోస్టాట్ బయటికి లాగండి. అది ఉండేది పొడి గొట్టంలో కాబట్టి ట్యాంకు ఖాళీ చెయ్యక్కర్లేదు. కడ్డీ తడిగా వచ్చిందా, అక్కడే ఆగిపోండి. గొట్టం చిల్లు పడిందని అర్థం, కాయిలే మార్చాలి. పొడిగా వస్తే, డయల్ తక్కువకి తిప్పి, ఒక గ్లాసు వేడినీళ్లలో కడ్డీని మాత్రమే ముంచండి, తల తడవకూడదు. కాసేపట్లో 'టక్'మనాలి, మీటరు తెగినట్టు చూపాలి. ఏ చప్పుడూ లేక మీటరు సున్నా దగ్గరే కూర్చుంటే దొంగ దొరికాడు.

కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లండి. కడ్డీ పొడవు కలవాలి. ఎక్కువగా 7 అంగుళాలు, 11 అంగుళాలవి కనిపిస్తాయి. పొడవు ఎక్కువైతే తల సరిగా కూర్చోదు, అప్పుడు బలంగా నెట్టాలనిపిస్తుంది. నెట్టొద్దు. ఆంపియర్లు కూడా చూసుకోండి, 3 కిలోవాట్ల కాయిల్ 13 ఆంపియర్లు లాగుతుంది. రీసెట్ బటన్ ఉన్నదే తీసుకోండి, పాతదానికి లేకపోయినా సరే.

బిగించడానికి పావుగంట చాలు. ఫేజ్ వైరు థర్మోస్టాట్ మీద 'ఎల్' అని ఉన్నచోటికి, దాని రెండో టెర్మినల్ నుంచి కాయిల్‌కి, న్యూట్రల్ నేరుగా కాయిల్ రెండో కొసకి, ఎర్త్ దాని స్క్రూకి. బిగించాక ప్రతి వైరునీ ఒకసారి లాగి చూడండి. డయల్ 60 డిగ్రీల దగ్గర పెట్టండి. అంతకంటే బాగా తగ్గిస్తే గోరువెచ్చని ట్యాంకులో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పెరిగే వీలుంది. అలాగని 60 డిగ్రీల నీళ్లు కూడా కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, చన్నీళ్లు కలపకుండా వాడొద్దు.

మూత బిగించి, వేడినీళ్ల కుళాయి తిప్పి ధార వస్తోందో లేదో చూసి, అప్పుడే ఎంసీబీ ఎత్తండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగితే నిమిషాల్లో కాలిపోతుంది. ఆ తర్వాత పక్కనే ఉండి 'టక్' కోసం వినండి. ట్యాంకు పెద్దదైతే గంటా రెండు గంటలు పట్టొచ్చు. చప్పుడు వినిపించాక కుళాయి దగ్గర థర్మామీటర్ పెట్టి చూడండి. 60కి నాలుగైదు డిగ్రీలు అటూఇటూ ఉంటే సరిపోయినట్టే.

వచ్చే భాగంలో కడ్డీ తడిగా వచ్చినవాళ్ల కోసం కాయిల్ విప్పడం చూద్దాం. అప్పటిలోగా మీ హీటర్ మూత మీద రాసి ఉన్న వాట్లు, మీ కాయిల్‌కి మీటరు చూపిన ఓమ్‌లు ఒక కాగితం మీద రాసుకుని ఉంచండి. అక్కడ మొదటి లెక్క వాటితోనే.