తూచకుండా రోడ్డెక్కించవద్దు: సొంతంగా కట్టుకున్న క్యాంపింగ్ ట్రైలర్‌కు సీజన్ ముందు జాగ్రత్తలు

సొంతంగా కట్టుకున్న క్యాంపింగ్ ట్రైలర్ ఒకటి దిగుడు రోడ్డు మీద అటూ ఇటూ ఊగి, లాగుతున్న వాహనాన్ని కూడా అడ్డం తిప్పి పక్కకు పడవేసిన దృశ్యాలను ఈ మధ్య ట్రైలర్లు కట్టుకునేవారు ఒకరికొకరు పంపుకున్నారు. చూసినవారిలో చాలామంది డ్రైవరు వేగాన్ని తప్పుపట్టారు, కొందరు వెల్డింగును అనుమానించారు. ట్రైలర్ వెనుక భాగాన్ని గమనించినవారు తక్కువ. అక్కడ రెండు స్టెప్నీలు, నీళ్ల క్యాన్లు, ఒక జనరేటరు బిగించి ఉన్నాయి. వేగం ఆ లోపాన్ని బయటపెట్టింది, అంతే. లోపం ఇంటి దగ్గర సామాను సర్దిననాడే మొదలయింది.

లైట్లు వెలుగుతున్నాయా, తలుపులకు గడియ పడిందా వంటివి అందరికీ తెలిసినవే కనుక వదిలివేస్తున్నాను. శ్రద్ధగా, ఖర్చుకు వెనుకాడకుండా ట్రైలర్ కట్టుకున్నవారిని కూడా ముంచేసే తప్పు ఒకటుంది. అది సామాను అంతా నింపిన తరువాత ట్రైలర్‌ను తూచకపోవడం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

బరువు

ఒంటి ఇరుసు ట్రైలర్ తూగుడుబల్ల వంటిది. ఇరుసుకు ముందు పెట్టిన బరువు కప్లర్‌ను, అంటే ట్రైలర్ ముందు కొసన వాహనానికి తగిలించే పట్టును, కిందికి నొక్కుతుంది, వెనుక పెట్టిన బరువు దానిని పైకి లేపుతుంది. కప్లర్ మీద కిందికి పడే ఈ భారాన్ని ముక్కు బరువు అందాం. సామాను, నీళ్లు, గ్యాస్ అన్నీ నింపిన ట్రైలర్ మొత్తం బరువులో ముక్కు బరువు 10 నుంచి 15 శాతం ఉండాలని సాధారణంగా చెబుతారు. అది తగ్గే కొద్దీ, గాలి తాకిడికో పెద్ద లారీ పక్కనుంచి దాటినందుకో మొదలైన చిన్న ఊపు తనంతట తాను సర్దుకోకుండా పెరుగుతూ పోతుంది. ఒక వేగం వరకు ఏ లక్షణమూ కనిపించదు. ఆ వేగం దాటిన క్షణం నుంచి ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. నెమ్మదిగా నడిపి చూసి, బాగానే ఉందనుకోవడం అందుకే మోసం చేస్తుంది. ముక్కు బరువు మరీ ఎక్కువైనా మంచిది కాదు. వాహనం వెనుక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు, బ్రేకు రెండూ మందగిస్తాయి. వాహన తయారీదారు, హిచ్ (వాహనం వెనుక కప్లర్ తగిలే అమరిక) తయారీదారు ఇచ్చిన పరిమితులలో ఏది తక్కువైతే దానినే పాటించాలి.

లెక్క చూడండి. మొత్తం 1000 కిలోలు, ముక్కు బరువు 120 కిలోలు ఉన్న ట్రైలర్‌లో కప్లర్ నుంచి ఇరుసుకు 3 మీటర్ల దూరం ఉందనుకుందాం. ఇరుసుకు 1 మీటరు వెనుక 80 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టి నింపితే, లీటరు నీళ్లు కిలో కనుక, ముక్కు బరువు దాదాపు 27 కిలోలు తగ్గుతుంది. వెనుక తలుపు మీద, ఇరుసుకు 1.8 మీటర్ల దూరంలో 50 కిలోల స్టెప్నీలు తగిలిస్తే మరో 30 కిలోలు పోతుంది. ఇరుసుకు 1.5 మీటర్ల వెనుక 30 కిలోల జనరేటరు కట్టితే ఇంకో 15. ఇప్పుడు ట్రైలర్ 1160 కిలోలు, ముక్కు బరువు 48 కిలోలు, అంటే 4 శాతానికి కాస్త పైన. ఒక్కొక్కటిగా చూస్తే మూడూ మంచి ఆలోచనలే, ఏదీ పెద్ద బరువు కాదు. తూచి ఉంటే కనిపించేది, తూచలేదు.

ఇక్కడ చాలామంది చేసే సవరణ కూడా తప్పే. ముక్కు తేలికయిందని తెలియగానే ముందు పెట్టెలో పనిముట్లు నింపి అంకెను సరిచేస్తారు. అంకె సరిపోతుంది, ట్రైలర్ మాత్రం రెండు కొసలలోనూ బరువుతో మిగులుతుంది. కొసలలో బరువున్న ట్రైలర్ ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆగడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కాబట్టి వెనుకనున్నదాన్ని తీసి ఇరుసుకు దగ్గరగా, కొద్దిగా ముందు, వీలైనంత కింద పెట్టాలి. నీళ్ల ట్యాంకు స్థానాన్ని ఛాసిస్ గీసుకునేటప్పుడే నిర్ణయించుకోవాలి, మిగిలిన ఖాళీలో ఇరికించకూడదు.

ఎక్కువమంది ఆలోచించని సంగతి మరొకటి. మంచినీళ్ల ట్యాంకు ఇరుసుకు ముందు, వాడిన నీళ్ల ట్యాంకు వెనుక ఉన్న ట్రైలర్‌లో, క్యాంపులో ఉన్నన్నాళ్లూ బరువు మెల్లగా ముందునుంచి వెనక్కి నడుస్తుంది. వెళ్లేటప్పుడు నిలకడగా వచ్చిన ట్రైలర్ తిరుగు ప్రయాణంలో ఊగితే ఆశ్చర్యపోనక్కరలేదు. అందుకే రెండు స్థితులలోనూ తూచాలి: మంచినీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, అవి ఖాళీ అయి వాడిన నీళ్లు నిండినప్పుడు ఒకసారి.

మొత్తం బరువుకు వేబ్రిడ్జి కావాలి. ముక్కు బరువుకు ఇంట్లో మనుషులు తూగే యంత్రం చాలు. పొడవైన, బలమైన చెక్క దిమ్మెనొకదాన్ని తీసుకుని ఒక కొసను ఇటుక మీద, రెండో కొసను యంత్రం మీద ఆనించండి. రెండు ఆనికల మధ్య 90 సెంటీమీటర్లు ఉండాలి. దిమ్మె వల్ల వచ్చే అంకెను ముందుగా రాసుకోండి. ఇటుక వైపునుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కప్లర్‌ను ఆనించి, వచ్చిన అంకెలోంచి ముందు రాసుకున్నది తీసివేసి, మూడుతో గుణించండి. ట్రైలర్ సమతలంగా, లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి. ముందు జాకీ కింద తూచవద్దు. జాకీ ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కనుక అంకె అసలుకంటే ఎక్కువ వచ్చి లేని ధైర్యం ఇస్తుంది.

అప్పటికీ ఊపు మొదలైతే యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, స్టీరింగును నిటారుగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పకూడదు, వాహనం బ్రేకును గట్టిగా తొక్కకూడదు. వేగం పెంచితే సర్దుకుంటుందన్న మాట ఎవరు చెప్పినా వినవద్దు. ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులను విడిగా వేసే మీట ఉంటే దానిని మాత్రమే మెల్లగా వాడాలి. ఆగిన తరువాత బరువు సర్దకుండా ముందుకు కదలవద్దు.

ఛాసిస్, కప్లర్

కప్లర్‌ను మోసే ముందు గొట్టం, అంటే డ్రాబార్, వచ్చి ఛాసిస్ ముందు అడ్డపట్టీని కలిసే చోట వంపు ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ. గతుకుల దారిలో ఆ చోటు వేలసార్లు వంగి లేస్తుంది. అక్కడ గొట్టం పై ముఖం మీదగానీ కింది ముఖం మీదగానీ అడ్డంగా వెల్డింగు వేస్తే పగులు సాధారణంగా ఆ గీత వెంబడే పుడుతుంది. వెల్డింగు పక్క ముఖాల మీద, పొడవు దిశలో రావాలి. బలం కోసం పలక అతికించేటప్పుడు దాని కొసలను చదరంగా కోయకుండా కోసుగా ముగించాలి. బోల్టుల రంధ్రాలు పక్క ముఖం నడుమ మాత్రమే వేయాలి. జింకు పూత ఉన్న గొట్టాన్ని వెల్డ్ చేసేముందు ఆ చోట పూతను గ్రైండరుతో తీసివేయాలి, ఎందుకంటే జింకు పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. మూసిన గొట్టాలు లోపలినుంచి తుప్పు పడతాయి, కాబట్టి అడుగున నీరు కారే చిన్న రంధ్రాలు ఉంచాలి.

సీజన్ ముందు ట్రైలర్ అడుగును కడిగి, ఆరిన తరువాత పరీక్షించాలి. రంగు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులేమోనని అనుమానించాలి, దానిమీద మళ్లీ రంగు పూయడం అనేది తనను తాను మోసగించుకోవడమే.

హిచ్ బంతి కొలత, కప్లర్ కొలత ఒకటే కావాలి. కొద్దిగా చిన్న బంతి మీద కూడా కప్లర్ కూర్చుంటుంది, మూతపడినట్టే కనిపిస్తుంది, గతుకులో లేచిపోతుంది. తాళం పడిన తరువాత ముందు జాకీతో కప్లర్‌ను పైకెత్తండి. వాహనం వెనుక భాగం కూడా కాస్త లేస్తేనే పట్టు పడినట్టు. మామూలు బంతి కప్లర్ రోడ్డుకు సరిపోతుంది. ఒక చక్రం గోతిలో, ఒకటి బండ మీద ఉండే దారులకు అన్ని వైపులా తిరిగే ఆఫ్‌రోడ్ కప్లర్ అవసరం.

ఇరుసు, చక్రాలు

ట్రైలర్ టైర్లు అరిగేలోపే ముసలివవుతాయి. పక్క గోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. ఐదారేళ్లు దాటిన టైరు పట్టు ఎంత మిగిలినా మార్చడం మేలు. ఇరుసు, టైర్లు, కమాన్లు మూడింటిలో బలహీనమైనదే ట్రైలర్ అసలు పరిమితి, దానిని వేబ్రిడ్జి అంకెతో పోల్చాలి. తూచనివారికి పోల్చడానికి ఏ అంకే ఉండదు.

బేరింగులను ఏడాదికొకసారి విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త సీలు, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. వేడెక్కిన హబ్బుతో వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుని సీలు గుండా నీటిని లోపలికి లాగుతుంది. దిగేముందు ఆగి చల్లారనివ్వండి, తిరిగి వచ్చాక విప్పి చూడండి. గ్రీజు పాలరంగులో ఉంటే నీరు చేరినట్టే. గ్రీజు గన్నుతో అవసరానికి మించి కొడితే సీలు తన్నుకుని గ్రీజు బ్రేకు లైనింగు మీదికి చేరుతుంది. చక్రం కూర్చునే ముఖం మీద, నట్ల కింద మందంగా రంగు వేయవద్దు. ఆ రంగు నలిగిపోయి నట్లు వదులవుతాయి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

– చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 80 నుంచి 100 కిలోమీటర్ల తరువాత టార్క్ రెంచితో (బిగువును కొలిచే పానాతో) నట్లను మళ్లీ చూడండి. పానా మీద కాలు వేసి తొక్కడం కొలత కాదు.

– కమాన్ల యు-బోల్టులను మొదటి గతుకుల ప్రయాణం కాగానే మళ్లీ బిగించండి.

– సేఫ్టీ గొలుసులను డ్రాబార్ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా దాటించి తగిలించండి. కప్లర్ ఊడితే ముక్కు నేలలో గుచ్చుకోకుండా వాటిమీద పడుతుంది.

– ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్‌అవే తీగను గొలుసుకుగానీ బంతికిగానీ కట్టవద్దు, వాహనం దేహానికే కట్టండి. పిన్ను లాగి చక్రాలు పట్టుకుంటున్నాయో లేదో చూసి, వెంటనే తిరిగి పెట్టండి.

– బురదలో దిగబడితే హిచ్ బంతికి తాడు తగిలించి లాగించవద్దు. విరిగిన బంతి తుపాకీ గుండులా దూసుకొచ్చి మనుషులను చంపిన సందర్భాలున్నాయి.

– జాకీ మీద మాత్రమే నిలిచిన ట్రైలర్ కింద తలపెట్టవద్దు. స్టాండ్లు పెట్టండి, రెండో వైపు చక్రానికి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి.

– గ్యాస్ సిలిండరు పెట్టె పడుకునే గదిలోకి తెరుచుకోకూడదు, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమట్టాన పేరుకుంటుంది.

– లీకును సబ్బు నీళ్లతో చూడండి, నిప్పుతో వద్దు.

– ఆరిపోతున్న బొగ్గుల కుంపటిని కూడా లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, దానివల్ల వచ్చే మత్తును మనిషి నిద్ర అనుకుంటాడు. పడుకునే చోట దాని అలారం, నేల దగ్గర గ్యాస్ అలారం, రెండూ విడివిడిగా ఉండాలి.

– జనరేటరు కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ట్రైలర్‌కు దూరంగా వెళ్లేలా నడవాలి.

– ప్రధాన ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు చేరువలోనే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న తీగ ఒరుసుకుని ఛాసిస్‌ను తాకితే ఆ కరెంటును ఆపేది ఏదీ లేదు. ఇనుములోంచి తీగ దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (తీగ ఒరుసుకోకుండా కాపాడే వలయం) వేయండి.

– లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జ్ చేయవద్దు.

– గతుకుల కోసం టైర్లలో గాలి తగ్గిస్తే, రోడ్డెక్కే ముందే నింపండి. కంప్రెసరు లేనివారు గాలి తీయవద్దు.

– వాగు దాటాక బ్రేకులను మెల్లగా కొన్నిసార్లు నొక్కి ఆరబెట్టండి.

– పైకప్పు టెంటు కట్టుకున్నవారు పైన ఇంకేమీ కట్టవద్దు.

– వాడిన నీళ్లను బయలుదేరే ముందు అనుమతి ఉన్న చోట పారబోయండి. నింపుకుని లాగవద్దు.

– కొత్తగా ఏది బిగించినా, అది గుడారపు పందిరైనా సైకిల్ స్టాండైనా, మళ్లీ తూచండి. నిరుటి అంకె ఈ ఏటి ట్రైలర్‌ది కాదు.

– ట్రైలర్‌ను ఇంకొకరికి అరువిస్తే మొత్తం బరువు, ముక్కు బరువు, టైరు గాలి, నట్ల టార్క్ అంకెలను తలుపు లోపలివైపు రాసి అతికించి ఇవ్వండి. ఎక్కడ ఏమి పెట్టకూడదో కట్టినవారికి తెలుస్తుంది, తీసుకున్నవారికి తెలియదు.