‘హెవెన్ అఫీషియల్స్ బ్లెసింగ్’: నవలనూ యానిమేషన్‌నూ పోల్చే పద్ధతి

నవల చదివి సిరీస్ చూసినవాళ్లు ముందుగా ఏం తీసేశారో లెక్కబెడతారు. ఆ జాబితా ఎంత పొడుగున్నా దానితో పెద్దగా తేలేదేమీ లేదు. ఏ సన్నివేశాన్ని ఎవరి కళ్లతో చూస్తున్నాం, మనకు ఏ సంగతి ఎప్పుడు తెలుస్తోంది అన్నవి పట్టుకోవాలి. చైనీస్ రచయిత్రి మో షియాంగ్ తోంగ్ షియౌ రాసిన ఈ నవల అందుకు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే కథ అంతా దాపరికాల మీదే నడుస్తుంది. (కథ ముందే తెలియకూడదనుకునేవారు మొదటి సీజన్ చూశాక ఇది చదవండి.)

ముందు హద్దు గీసుకోండి. చైనీస్ మూలం 2017–18లో జిన్‌జియాంగ్ అనే వెబ్ నవలల సైట్‌లో సీరియల్‌గా వచ్చింది. ఐదు భాగాలు, అనుబంధ కథలు కాక 244 అధ్యాయాలు. ఇంగ్లీషులో 8 సంపుటాలు. యానిమేషన్ తొలి సీజన్ 2020 అక్టోబరు 31న బిలిబిలి అనే చైనా వీడియో సైట్‌లో మొదలైంది: 11 ఎపిసోడ్లు, ఆపైన 2021లో ఒక ప్రత్యేక ఎపిసోడ్. రెండో సీజన్ 2023లో, 12 ఎపిసోడ్లు. ఈ రెండూ నడిచేది నవల మొదటి భాగం కథ మీదే. కాబట్టి మొత్తం నవలతో పోల్చి ‘ఇంత వదిలేశారు’ అనకూడదు. కథానాయకుడు షియె లియెన్ యువరాజుగా గడిపిన రోజులను నవల కూడా మొదటి అధ్యాయంలో క్లుప్తంగా చెప్పి, రెండో భాగంలోనే విప్పుతుంది.

సీజన్ మొత్తాన్ని ఒకేసారి ఎత్తుకోవద్దు. యూజున్ కొండ ఘట్టం ఒక్కటి తీసుకోండి. ముందు ఆ అధ్యాయాలు చదివి, రెండు మూడు రోజుల్లోపే ఎపిసోడ్లు చూడండి. ఎడం పెరిగితే గుర్తున్న బొమ్మలు చదివిన మాటల్ని మింగేస్తాయి. మొదటిసారి ఆపకుండా చూడండి, రెండోసారి ఆపుతూ నోట్సు రాయండి. నోట్సులో నాలుగు గడులు చాలు: సంఘటన, ఎవరి చూపు, అప్పటికి మనకు తెలిసింది, ఆధారం. ఆధారం గడిలో అధ్యాయం సంఖ్య, ఎపిసోడ్‌లో నిమిషం రెండూ ఉండాలి.

ఈ ఘట్టంలో పెళ్లికూతుళ్లు మాయమవుతుంటారు. షియె లియెన్ తానే పెళ్లికూతురి వేషం వేసుకుని పల్లకీ ఎక్కుతాడు. ఎవరో వచ్చి చేయి పట్టుకుని నడిపిస్తారు. నవలలో మనమూ అతనితో పాటు ఎర్ర మేలిముసుగు కిందే ఉంటాం. కనిపించేది ముసుగు అంచు కింద ఉన్నంత మేరే, మిగతాది చప్పుళ్లను బట్టి ఊహించుకోవాలి. కెమెరాకు ఆ ముసుగు లేదు. అడవి, ఎర్ర దుస్తులు, వెండి సీతాకోకచిలుకలు అన్నీ మనకు చూపించగలదు. అంటే షియె లియెన్‌కు తెలియనిది ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఉత్కంఠ తగ్గి అందం పెరుగుతుంది. ఏది మేలన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఈ మార్పును నోట్సులోకి ఎక్కించండి.

ఆ తర్వాత సాన్ లాంగ్ అనే యువకుడు పరిచయమయ్యాక షియె లియెన్ అతని చేతిని, జుట్టును పరీక్షగా చూసే చోట మరింత నిదానించండి. సాన్ లాంగ్ మనిషి రూపం తొడుక్కున్న దయ్యమేమోనని, అయితే వేలిముద్రల్లాంటి సూక్ష్మాల్లో దొరికిపోతాడని షియె లియెన్ అనుమానం. నవల ఆ ఆలోచనను లోపలి నుంచి చెబుతుంది. తెర మీద మిగిలేది చేయి పట్టుకోవడమే. అదే చేష్ట అక్కడ నిఘా, ఇక్కడ దాదాపు చనువు. తర్వాతి ఘట్టమైన బాన్‌యుయె కనుమలో గోతిలోకి దూకే సన్నివేశానిది ఇంకో చిక్కు: నవలలో అక్కడ కటిక చీకటి, తెర మీద కొంతైనా వెలుగు పెట్టక తప్పదు. ఎంత పెట్టారు, దేన్ని నీడలో ఉంచారు అన్నది చూడండి.

ఇది షియె లియెన్, సాన్ లాంగ్ అనే ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. చైనాలో అలాంటి ప్రేమను తెర మీద బాహాటంగా చూపనివ్వరు. అయినా ప్రతి మౌనాన్నీ సెన్సార్ ఖాతాలో వేయడం తొందరపాటు. మొదటి భాగంలో నవల కూడా ప్రేమను పైకి చెప్పదు, ఆ ఒప్పుకోలు చాలా తర్వాతి మాట. సమానమైన చోట్లనే పోల్చండి.

ఎక్కువమంది తడబడేది ఇదే నవల ఆధారంగా వచ్చిన కామిక్ దగ్గర. స్టారెంబర్ గీసిన ఆ వెర్షన్ 2019లోనే మొదలైంది. అందులోని బొమ్మ మనసులో నిలిచిపోయి, ‘నవలలో ఇలాగే ఉంది’ అనిపిస్తుంది. అధ్యాయం తెరిచి చూడనిదే ఆ మాట రాయకండి. రచయిత్రి తర్వాత సవరించిన ప్రతి కూడా ఉంది కాబట్టి, మీరు చదివింది ఏదో పైనే రాసుకోండి. రెండు సీజన్లకూ దర్శకులు వేరు: మొదటిదానికి లి హావోలింగ్, రెండోదానికి చెన్ జియాలిన్. ముఖాల్లో, రంగుల్లో తేడా కనిపిస్తే దాని కారణం నవలలో వెతకనక్కర్లేదు.

సబ్‌టైటిల్‌ను ఆధారంగా తీసుకునేటప్పుడు గొంతు కూడా వినండి. చైనీస్ రాకపోయినా విరుపు, నవ్వు, తడబాటు తెలుస్తాయి. నవల వాక్యాల్లో చెప్పిన అనుమానాన్ని నటులు చాలాసార్లు అక్కడే దాచి ఉంచుతారు.