పిచ్చుక గూట్లోకి తొంగిచూడకుండా లోపలి సంగతి తెలుసుకోవడం ఎలా?

కోవూరులో మా ఇంటి ముందు పంచలో, కరెంటు మీటరు పెట్టె పైన ఏటా పిచ్చుకలు గూడు పెడతాయి. మొదట్లో రోజూ స్టూలెక్కి ఫోను లైటుతో లోపలికి చూసేదాన్ని. ఒకసారి ఆ వెలుగుకు బెదిరి, ఇంకా ఎగరడం రాని పిల్ల ఒకటి కిందికి దూకేసింది. గుమ్మం దగ్గరే పిల్లి ఉంది. ఆ పిల్ల దక్కలేదు. ఆ రోజుతో స్టూలెక్కడం మానేశాను. పిచ్చుకలను నిజంగా చూడటం నేర్చుకున్నది ఆ తర్వాతే. గూట్లోకి పోయే పిట్ట ముక్కున ఏముందో చూస్తే చాలు, లోపలి సంగతి తెలిసిపోతుంది.

ముందు చోటు చూసుకోండి. గూటికి పది పన్నెండు అడుగుల దూరంలో, గోడ వారగా కుర్చీ వేసుకోండి. రోజూ అదే చోట, అదే వేళకు కూర్చోవాలి. పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా అరగంట చాలు. పిట్ట మేత ముక్కున పెట్టుకుని గూట్లోకి పోకుండా, తీగ మీద నుంచి మీకేసి చూస్తూ అరుస్తోందంటే మీరు మరీ దగ్గరికొచ్చారని అర్థం. కుర్చీ వెనక్కి జరపండి. పంచలో సీలింగ్ ఫ్యాను ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా వేయకండి. ఉక్కపోస్తే టేబుల్ ఫ్యాను పెట్టుకోండి.

ఆడామగా గుర్తుపట్టండి. ఇది తేలిక. మగదానికి గొంతు కింద నల్లమచ్చ, నడినెత్తిన బూడిదరంగు ఉంటాయి. ఆడది మట్టిరంగులో ఉంటుంది, కంటి వెనక లేత గీత ఉంటుంది.

నోటుపుస్తకం పెట్టండి. వేళ, ఆడదా మగదా, ముక్కున ఏముంది, అరగంటలో ఎన్నిసార్లు వచ్చింది. ఈ నాలుగూ రాస్తే చాలు. రెండు వారాలు పోయాక పేజీలు వెనక్కి తిప్పితే మీకే కథ కనబడుతుంది.

ఇక చదవడం. మగపిచ్చుక కన్నం దగ్గర కూర్చుని పొద్దస్తమానం కిచకిచలాడుతోందంటే జతను పిలుస్తోంది, లేదా ఆ చోటు తనదని మిగతావాటికి చెబుతోంది. ఈ రోజుల్లోనే మోటారు సైకిలు అద్దంలో తన నీడను చూసి, వేరే పిచ్చుకనుకుని పొడుస్తుంది. అద్దానికి గుడ్డ కప్పేయండి, పాపం అలసిపోతుంది.

ముక్కున గడ్డిపోచలు కనిపిస్తే గూడు కడుతున్నాయి. దూది, ఈకలు వచ్చాయంటే లోపల మెత్తగా పరుస్తున్నాయి, గుడ్లకు వేళయింది. మామూలుగా మూడు నుంచి అయిదు గుడ్లు పెడతాయి. ఆ తర్వాత సందడి తగ్గిపోతుంది. గూడు వదిలేశాయేమోనని చాలామంది కంగారు పడేది ఇక్కడే. ఓపిగ్గా చూడండి: ఒకటి వచ్చి కూస్తుంది, లోపలున్నది బయటికొస్తుంది, వచ్చింది లోపలికి పోతుంది. వంతులవారీగా పొదుగుతున్నాయన్నమాట. ఇలా పదకొండు నుంచి పద్నాలుగు రోజులు.

ఒక పొద్దున ముక్కున పచ్చటి గొంగళిపురుగు కనబడుతుంది. పిల్లలు బయటపడ్డాయి! నాకు ఏటా ఆ రోజు పండగే. పంచలో మనం కట్టే వరికంకుల కుచ్చు పెద్దవాటికే, ఇప్పుడే గుడ్డు పగిలిన పిల్లకు మెత్తటి పురుగు కావాలి. అందుకే ఆ రోజుల్లో పెరట్లో బెండ, చిక్కుడు మీద మందు కొట్టకండి. ఇంకో వింత కూడా చూడండి: మేతతో లోపలికి పోయిన పిచ్చుక తెల్లటి చిన్న మూట ముక్కున పట్టుకుని బయటికొచ్చి, దూరంగా పోయి పడేస్తుంది. అది పిల్లల రెట్ట. సన్నటి పొరలో చుట్టుకుని వస్తుంది కాబట్టి గూడు పాడవదు.

ఎగిరే రోజులు. గుడ్లు పగిలిన రెండు వారాలకు పిల్లలు కన్నంలోంచి తలలు బయటపెడతాయి. తల్లీతండ్రీ మేత చూపిస్తూ తీగ మీదే కూర్చుని పిలుస్తాయి. అప్పుడు పిల్లిని ఇంట్లో కట్టేయండి. బాగా ఈకలొచ్చి గెంతుతున్న పిల్ల కింద కనబడితే దగ్గరున్న కొమ్మ మీద పెట్టి పక్కకు తప్పుకోండి, పెద్దవి వచ్చి మేత పెడతాయి. ఈకలు రానిదయితే మెల్లగా తీసి గూట్లోనే పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే మిగతావి చేరనివ్వవని మా అమ్మమ్మ కూడా అనేది, కానీ అది నిజం కాదు.

పిల్లలు పోయాయి కదా అని గూడు పీకేయకండి. మా మీటరు పెట్టె దగ్గర పోయిన వేసవిలో పిల్లలు ఎగిరిపోయిన వారంలోపే మగపిచ్చుక మళ్ళీ వాలింది. ముక్కున గడ్డిపోచ ఉంది.